రెండు డీఎస్‌ఎల్‌ఆర్‌లు కొనే ముందు: పదిహేను మంది అమ్మాయిలకు ఫొటో, వీడియో శిక్షణ

అడిగింది ఇదీ: మండల కేంద్రంలో ఒక మహిళా సంఘం 18 నుంచి 23 ఏళ్ల అమ్మాయిలు 15 మందికి మూడు నెలల ఫొటో, వీడియో శిక్షణ పెట్టబోతోంది. వారానికి రెండు తరగతులు, ఒక్కోటి రెండు గంటలు. గది ఉంది, ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, నేర్పేవాళ్లు ఉన్నారు. చేతిలో లక్షన్నర ఉంది. 'మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాలు) రెండు కొందామనుకుంటున్నాం, సరేనా? చివరికి అమ్మాయిలకు ఏమైనా ఆదాయం వస్తుందా?'

మొదటి ప్రశ్నకు జవాబు: కొనొద్దు. లెక్క కుదరదు. రెండు కెమెరాలు, రెండు గంటలు అంటే 240 నిమిషాలు. 15 మందికి పంచితే మనిషికి 16 నిమిషాలు. 24 తరగతులూ కలిపినా ఆరున్నర గంటలు నిండవు. అందులో సగం బ్యాటరీ మార్చడానికి, 'అక్కా, నల్లగా వచ్చిందేంటి' అని అడగడానికి పోతుంది. మూడు నెలల్లో ఆరు గంటలు పొయ్యి దగ్గరికి రానిచ్చి వంట నేర్పామంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పరికరం ఒక్కో అమ్మాయి చేతిలో వారానికి ఎన్ని గంటలు ఉంటోందన్నది ముందు చూడండి. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే నిలబడతాయి.

కొనుగోలుకు ముందు ఒక పూట కూర్చుని ఒక్కో అమ్మాయిని విడిగా అడగండి. ఫోను ఆమెదేనా, ఇంట్లో అందరిదా? లాక్ నంబరు ఎవరికి తెలుసు? గ్యాలరీ ఎవరెవరు చూస్తారు? ఏ వేళల్లో చేతికొస్తుంది? స్టోరేజీ ఎంత మిగిలి ఉంది? ఇంటికి చివరి బస్సు ఎన్నింటికి? ఫారం ఇచ్చి నింపమంటే అందరూ 'సొంత ఫోను ఉంది' అనే రాస్తారు. నోటితో అడిగితే తమ్ముడు ఆన్‌లైన్ గేములు ఆడుకున్నాక రాత్రి తొమ్మిదింటికి తన చేతికొస్తుందని తెలుస్తుంది. పగటి వెలుగులో ఫోను దొరకని అమ్మాయికి ఫొటోగ్రఫీ హోంవర్కు ఇవ్వడం దండగ.

ఆ లెక్కన బడ్జెట్ ఇలా వేయొచ్చు. ధరలు సుమారుగా చెబుతున్నాను, మీ దగ్గర వెయ్యి అటూ ఇటూ కావచ్చు. 13,000 స్థాయి ఫోన్లు ఐదు, 65,000. కొనేటప్పుడు చూడాల్సినవి: 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, మెమరీ కార్డుకు చోటు, ఇయర్‌ఫోన్ రంధ్రం, కెమెరాలో 'ప్రో' మోడ్ (సెట్టింగులు మన చేత్తో మార్చుకునే వీలు). 108 మెగాపిక్సెల్ అని పెట్టె మీద రాసినదానికి డబ్బు పెట్టొద్దు, 12 మెగాపిక్సెల్ ఫొటో గోడకు వేలాడదీసే ప్రింటుకు చాలు. వైరు ఉన్న కాలర్ మైకులు ఐదు, 4,000. ట్రైపాడ్‌లు ఐదు, 6,000. 64 జీబీ కార్డులు ఐదు, 3,000. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులు రెండు, 10,000. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, కిట్ లెన్స్ (కెమెరాతోపాటు వచ్చే మామూలు లెన్స్), 50 ఎంఎం లెన్స్‌తో 28,000. ప్రింట్లకు 4,000. రిపేర్లకు 10,000 పక్కన పెట్టండి, మొదటి నెలలోనే ఒక స్క్రీను పగులుతుంది. బస్సు ఖర్చు ఇప్పుడు పెద్దది కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. ఊరి నుంచి రోడ్డు దాకా ఆటోకు మనిషికి రోజుకు 20 వేసుకున్నా 7,200. ఇంకా 12,800 మిగులుతుంది. దాన్ని మనిషికి 800 చొప్పున వాళ్ల మొదటి పనికి కూలిగా ఉంచండి, సంగతి కింద చెబుతాను.

ఐదు ఫోన్లు, ముగ్గురేసి జట్లు. తరగతి లేని రోజుల్లో ఫోను ఒక్కొక్కరి ఇంటికి వంతుగా వెళ్తుంది. వారానికి ఒక పూర్తి పగలు ఒక్కరి చేతిలో ఉన్నా, మూడు నెలల్లో దొరికే సమయం డీఎస్‌ఎల్‌ఆర్ లెక్కకు పది రెట్లు దాటుతుంది. సొంత ఫోను ఉన్నవాళ్లకు అదనంగా మైకు, ట్రైపాడ్ ఇస్తే సరి. డీఎస్‌ఎల్‌ఆర్‌ను ఎనిమిదో వారం దాకా బీరువాలోంచి తీయకండి.

కొత్త ఫోను ఇంటికి వస్తే ఇంట్లో నాలుగు ప్రశ్నలు పుడతాయి. అందుకే మొదటి వారంలో తల్లిదండ్రుల్ని, పెళ్లైనవాళ్లుంటే అత్తామామల్ని పిలవండి. ఉపన్యాసం వద్దు. ఫోను సంఘానిదని, దానికి లాక్ ఉంటుందని, గ్యాలరీని తరగతిలో తప్ప ఎవరూ తెరవరని, బయట పని ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఉంటుందని, ఫలానా బస్సుకు తిరిగొస్తారని చెప్పండి. అమ్మాయిల చేత అక్కడికక్కడే ఒక్కో కుటుంబానికి ఫొటో తీయించి, సాయంత్రానికి ప్రింటు చేతిలో పెట్టండి. పది రూపాయల ప్రింటు చేసే పని గంటసేపు నచ్చజెప్పినా జరగదు.

ఇక నేర్పడం. ఐఎస్‌వో, అపర్చర్, షట్టర్ అంటూ బోర్డు మీద త్రిభుజం గీయడంతో మొదలుపెట్టే తరగతి రెండో వారానికే సగం ఖాళీ అవుతుంది. మొదటి మూడు తరగతులూ ఒకే పని చేయించండి. ఒక కిటికీ, దాని పక్కన ఒక మనిషి. వెలుగు ముఖానికి ఎదురుగా పడేలా, పక్క నుంచి పడేలా, వెనక నుంచి వచ్చేలా మూడు ఫొటోలు. తర్వాత అదే మనిషిని పది అడుగుల దూరం నుంచి, నాలుగు అడుగుల నుంచి, అర చేయి దూరం నుంచి. ఆ తర్వాత నిలబడి, కూర్చుని, నేలకు ఆనించి. జూమ్ నొక్కొద్దు, కాళ్లతో నడవాలి. తొమ్మిది ఫొటోలూ ప్రింటు తీసి గోడకు వరసగా అంటించండి. తెర మీద వేలితో తోసేసే ఫొటోకూ గోడ మీద నాలుగు రోజులు ఉండే ఫొటోకూ చూపులో తేడా ఉంది.

ఎత్తు సంగతి వచ్చినప్పుడు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ గురించి చెప్పండి. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు వీడియో నేర్చుకున్నారు. కళ్లకు సమానమైన ఎత్తులో తీసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా, అందుకని. ఐ లెవెల్ అని పాతికసార్లు చెప్పినా గుర్తుండనిది ఈ ఒక్క మాటతో గుర్తుంటుంది. అదే సంస్థ మహిళలు మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు, 90.4 మెగాహెర్ట్జ్. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. స్టూడియో పదాలు అరువు తెచ్చుకోవడమే కాదు, తమ బతుకులోంచి పేరు పెట్టుకోవచ్చని మీ బ్యాచ్‌కు తెలిస్తే మంచిది. వాళ్లనీ పెట్టుకోనివ్వండి.

ఎక్స్‌పోజర్‌కు, అంటే ఫొటోలో వెలుగు ఎంత ఉండాలన్నదానికి, బర్రెను మించిన పాఠం లేదు. కెమెరా దేన్ని చూసినా దాన్ని నడిమి బూడిదరంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్ల బర్రె ఉంటే 'అయ్యో చీకటి' అనుకుని వెలుగు పెంచుతుంది, బర్రె బూడిద పూసుకున్నట్టు వస్తుంది. విరగపూసిన పత్తి చేను గానీ సున్నం గోడ గానీ ఉంటే 'వెలుగెక్కువ' అనుకుని తగ్గిస్తుంది, ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది. చేయాల్సింది: ముఖం మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయడం, ఆ పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపడం. తెల్ల నేపథ్యానికి కాస్త పైకి, నల్లదానికి కాస్త కిందికి. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే సగం ఫొటోలు బాగుపడతాయి.

ఇక్కడే ఇంకో పని. ప్రతి ఫోనులో బ్యూటీ మోడ్ ఆఫ్ చేయించండి. చాలా ఫోన్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది, చర్మాన్ని తెల్లబరిచి, నునుపు చేసి, గడ్డం సన్నం చేస్తుంది. అమ్మాయిలకు ధైర్యం ఇస్తామని పెట్టిన తరగతిలో వాళ్ల రంగే తప్పని ఫోను చెబుతుంటే ఊరుకోవడం ఏమిటి? పైగా సాంకేతికంగానూ నష్టమే. ముడతలు, నూలు పోగులు, మట్టి గరుకు అన్నీ చెరిపేస్తుంది.

పగలు పది నుంచి నాలుగు దాకా నడినెత్తి ఎండలో కళ్ల కింద గుంటలు పడతాయి. మనిషిని అరుగు మీదికి, వసారా అంచుకు తీసుకురండి. చెట్టు నీడ బాగుందనిపిస్తుంది గానీ ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు ముఖం మీద పడతాయి, చిక్కటి నీడ చూసుకోవాలి. రిఫ్లెక్టర్ కొనక్కర్లేదు. తెల్ల థర్మకోల్ షీటు గానీ, ఇద్దరు పట్టుకున్న తెల్ల పంచె గానీ చాలు. లోపల తీసే వీడియోలో పట్టీలు పాకుతున్నట్టు వస్తే ఫోను పాడైందని అనుకోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక ఎల్‌ఈడీలు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెడితే పోతాయి.

వీడియోకు సంఘటన కంటే పని మేలు. సభ అయితే అందరూ వేదికనే తీస్తారు, పని అయితే ఒకే కదలిక మళ్లీ మళ్లీ జరుగుతుంది, తప్పినా ఇంకోసారి దొరుకుతుంది. జొన్న రొట్టె చేయడం తీయమనండి. మొదటి షాట్ చేతులు మాత్రమే: పిండి ముద్ద పీట మీద తిరుగుతూ అరచేతి దెబ్బకు వెడల్పవుతుంటుంది, వేళ్ల చివర్లు అంచును తిప్పుతుంటాయి. రెండోది ముఖం: చూపు పెనం మీద, పొగకు కళ్లు చికిలించడం. మూడోది దూరం నుంచి మనిషి, పొయ్యి, గది అంతా. నాలుగోది ఆమె భుజం మీదుగా, ఆమె చూసేది మనమూ చూసేలా. ఐదోది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి: పెనం మీద రొట్టెకు తడి గుడ్డ అద్దినప్పుడు లేచే ఆవిరి, గోడ మీద మసి, గడప దగ్గర ఎదురుచూసే పిల్లాడు. ప్రతి షాటూ పది సెకన్లు, కదలకుండా. మనసులో పది లెక్కపెట్టాలి. కొత్తవాళ్లందరూ మూడు సెకన్లకే ఆపేస్తారు, లేదా తోటకు నీళ్లు చల్లినట్టు ఫోనును అటూ ఇటూ తిప్పుతారు. రెండూ ఎడిటింగ్‌లో పనికిరావు. చివర్లో ఒక నిమిషం చేతి చప్పుడు విడిగా రికార్డు చేయించండి. ఆ చప్పుడు కింద పరిస్తే ఐదు షాట్లూ ఒకే పనిగా అతుక్కుంటాయి.

చూసేవాళ్లు బొమ్మ కాస్త మసకగా ఉన్నా భరిస్తారు, మాట వినపడకపోతే భరించరు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. పైట అంచుకు పెడితే గుడ్డ రాసుకుంటుంది, నల్లపూసలకో తాళికో తగిలితే టకటక వస్తుంది. జాకెట్ మెడ పట్టీకో, పైట మడతను పిన్నుతో బిగించినచోటో పెట్టండి. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఉంటే అదీ ఆపి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా ఫ్రిజ్ మీద మీ బస్ పాసో తాళంచెవో పెట్టుకోవాలి. మైకు గుచ్చినంత మాత్రాన ఫోను దాన్ని వాడుతోందని కాదు. రికార్డు నొక్కి, మైకును గోటితో ఒకసారి, ఫోను వీపును ఒకసారి తట్టి, విని చూడాలి. ఫోను తట్టిందే గట్టిగా వినిపిస్తే మైకు పనిచేయడం లేదు. ప్లగ్‌కు మూడు గీతలు ఉన్నాయా రెండేనా చూడండి, రెండు గీతలది కెమెరా మైకు, చాలా ఫోన్లు దాన్ని గుర్తించవు.

ఇంటర్వ్యూలో మన అలవాటొకటి కొంప ముంచుతుంది: ఊఁ కొట్టడం. ఎదుటివాళ్లు చెబుతుంటే 'ఆఁ', 'ఊఁ', 'అవునా అత్తా' అనకపోతే మర్యాద కాదనిపిస్తుంది. ఆ ఊఁలన్నీ బైట్ (రికార్డు చేసిన వాళ్ల మాట) మీద పడతాయి, తర్వాత తీయలేరు. తల ఊపడం, కళ్లతో వినడం సాధన చేయించండి. తరగతిలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మూడు నిమిషాలు నోరు మెదపకుండా వినమనండి, నవ్వులతో మొదలై మూడో రోజుకు వచ్చేస్తుంది. 'నీళ్లు సరిగా వస్తున్నాయా?' అని అడిగితే 'రావట్లే' అన్న ఒక్క మాటే దొరుకుతుంది. 'పొద్దున లేచిన దగ్గర్నుంచి నీళ్లకు ఏం చేస్తారో చెప్పండి' అంటే కథ వస్తుంది. జవాబు అయిపోయిందనుకున్నాక ఐదు సెకన్లు ఆగాలి, అసలు మాట చాలాసార్లు ఆ ఖాళీలో వస్తుంది.

స్టోరేజీ లెక్క మొదట్లోనే చెప్పేయండి. వీడియోను 1080పీ నాణ్యతలో, సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి దాదాపు 130 ఎంబీ. 4కేలో 350 ఎంబీ. 64 జీబీ కార్డులో మొదటిది ఏడు గంటలు దాటి పడుతుంది, రెండోది మూడు గంటలు కూడా పట్టదు. శిక్షణకు 1080పీ చాలు. ప్రతి తరగతి మొదటి పావుగంట కాపీకే కేటాయించండి: కార్డు నుంచి ఒక డిస్కుకు, అక్కడి నుంచి రెండో డిస్కుకు. రెండో డిస్కు వేరే ఇంట్లో ఉండాలి. ఫోల్డర్ పేరు ఏడాదితో మొదలుపెట్టి తేదీ, ఊరు, తీసిన అమ్మాయి పేరు. రెండు చోట్లా నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి తగ్గిపోతుంది, 12×18 అంగుళాల ప్రింటుకు అది చాలదు. డాక్యుమెంట్‌గా పంపడం నేర్పండి.

ఎడిటింగ్ ఫోనులోనే మొదలుపెట్టొచ్చు, వీడియో మీద తన ముద్ర (వాటర్‌మార్క్) వేయని యాప్ చూసుకోండి. ల్యాప్‌టాప్‌లోకి వచ్చాక రెండు తిప్పలు ఎదురవుతాయి. ఫోను వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, పది నిమిషాల ఇంటర్వ్యూలో చివరికొచ్చేసరికి పెదాలూ మాటా తప్పుతాయి. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' ఎంచుకుని ముందు మార్చుకోవాలి. రెండోది మన లిపి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైటిల్ వేస్తే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చి ప్రోగ్రామ్ మళ్లీ తెరిస్తే సర్దుకుంటాయి, పాత ఫొటోషాప్‌లో అయితే 'వరల్డ్ రెడీ లేఅవుట్' ఎంచుకోవాలి. ఫాంటు యూనికోడ్‌దే వాడండి. మండలి, రామభద్ర, సురవరం ఉచితంగా దొరుకుతాయి. స్టూడియోల్లో వాడే అను ఫాంట్లలో టైప్ చేసినది ఆ ఫాంటు లేని చోట తెలుగుగా చదవలేం, వెతికినా దొరకదు.

వారానికి ఒక గంట కెమెరా ముట్టుకోకుండా ఫొటోల గురించి మాట్లాడుకోవాలి. 1990ల మొదట్లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కెరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 62 మంది పల్లె మహిళలకు కెమెరాలిచ్చి తమ జీవితాన్ని తామే తీయమన్నారు. ఆ పద్ధతికి తర్వాత 'ఫొటోవాయిస్' అని పేరు స్థిరపడింది. అందులో అడిగే ప్రశ్నలు ఇప్పటికీ పనికొస్తాయి: ఇందులో ఏం కనిపిస్తోంది? నిజంగా ఏం జరుగుతోంది? మన బతుకుతో దీనికేం సంబంధం? ఎందుకిలా ఉంది? ఏం చేయగలం? వరస మార్చొద్దు. మొదటిదానికి 'బోరింగ్ దగ్గర బిందెలు' అన్న జవాబు వచ్చాకే మిగతావాటికి వెళ్లాలి, లేకపోతే అందరూ నీటి సమస్య మీద వ్యాసరచన పోటీలా మాట్లాడతారు. తీసిన పది ఫొటోల్లో ఏది గోడకెక్కాలో తీసిన అమ్మాయే తేల్చాలి. టీచరు ఎంచితే అన్నీ టీచరు ఫొటోల్లా ఉంటాయి.

ప్రతి ఫొటో వెనక పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏం చేస్తున్నారు అన్నది రాయాలి. పేరు ఎలా రాయాలో వాళ్లనే అడగాలి. అనుమతి విషయంలో 'ఫొటో తీసుకోవచ్చా?' అన్నది సగం ప్రశ్న. 'స్టేటస్‌లో పెడతాం, యూట్యూబ్‌లో పెడతాం, ప్రదర్శనలో పెడతాం, ఏది సరే, ఏది వద్దు?' అన్నది పూర్తి ప్రశ్న. తర్వాత వద్దంటే తీసేస్తామని కూడా చెప్పాలి. 18 లోపు పిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి. లైంగిక దాడికి గురైన వ్యక్తి ఎవరో తెలిసేలా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23 ఇంకా గట్టిది. పేరు, ఫొటోతోపాటు ఇల్లు, బడి, వీధి తెలిసే వివరమేదీ ఇవ్వకూడదు. ముఖం మసక చేసి వెనకాల బడి బోర్డు వదిలేయడం తరచూ జరిగే తప్పు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ అన్ని ఫోన్లలోనూ మొదటి రోజే ఆపేయండి.

మీ సంస్థకూ ఇదే వర్తిస్తుంది. విరాళాల నివేదికలో ఈ అమ్మాయిల్ని 'నిరుపేద బాధితులు'గా చూపే ఫొటో వేసే ముందు వాళ్లకు ఆ పేజీ చూపించండి.

వేధింపులు వస్తాయనే అనుకుని ముందే సిద్ధపడాలి. ఛానల్‌కూ సోషల్ మీడియా పేజీకీ విడి సిమ్, విడి మెయిల్, రెండంచెల లాగిన్, ఇద్దరు అడ్మిన్లు. ఎవరి సొంత నంబరూ పేజీలో ఉండకూడదు. ఎవరైనా మార్ఫింగ్ ఫొటోతో బెదిరిస్తే భయంతో చాట్ చెరిపేయడం మొదట చేసే పొరపాటు. ముందు లింకు, తేదీ, ప్రొఫైల్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి, ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 18 దాటినవాళ్లకు, అనుమతి లేకుండా అంతరంగిక ఫొటోలు వ్యాపించకుండా ఆపే 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను అప్‌లోడ్ చేయక్కర్లేదు, మన ఫోనులోనే దానికొక డిజిటల్ గుర్తు తయారై, అందులో చేరిన ప్లాట్‌ఫారాలకు అదే వెళ్తుంది. డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, ఇస్తే బెదిరింపు ఆగదు, రేటు పెరుగుతుంది. ఇవన్నీ ఐదారు వాక్యాలుగా కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారన్న భయంతోనే అమ్మాయిలు దాచిపెడతారు కాబట్టి, తిట్టకుండా వినే ఒక అక్క పేరు ఆ కాగితం మీద ఉండాలి.

తరగతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ముగ్గురి జట్టులో చురుకైన ఒకరు కెమెరా పట్టుకుంటారు, ఒకరు మైకు, మూడో అమ్మాయి సంచులు మోస్తుంది. నాలుగో వారానికి అదే ఖాయమైపోతుంది, ఐదో వారం నుంచి మూడో అమ్మాయి రాదు. పాత్రలు ప్రతి తరగతికీ మారాలి, చార్టులో పేర్లు రాసి పెట్టండి. ఇంకో చోట ముగింపు రోజు. సర్టిఫికెట్లిచ్చే సభకు పెద్దలొస్తారు, వాళ్ల వెంట మగ ఫొటోగ్రాఫర్ ఒకరొచ్చి అమ్మాయిల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీస్తాడు. మూడు నెలలు నేర్చుకున్నవాళ్లు పదిహేను మంది అక్కడే ఉంటారు!

ఆదాయం సంగతి. అందరికీ ఉద్యోగాలొస్తాయని చెప్పకండి. పనికొచ్చే దారులు మూడున్నాయి. మొదటిది ఇళ్లలో చిన్న శుభకార్యాలు: ఓణీల ఫంక్షన్, శ్రీమంతం, బారసాల. అలంకరణ జరిగే లోపలి గదిలోకి అమ్మాయి వెళ్లినంత సులువుగా మగ ఫొటోగ్రాఫర్ వెళ్లలేడు, అమ్మలక్కలు బిగుసుకోరు. బీరువాలో దాచిన డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్ పని ఇక్కడే. రెండోది చీరలు, పచ్చళ్లు, పిండివంటలు వాట్సాప్‌లో అమ్మేవాళ్లకు ఫొటోలు. చీరకు నాలుగు కావాలి: మొత్తం, అంచు, పైట, నేత దగ్గరగా. కిటికీ వెలుగులో ట్యూబ్‌లైట్ ఆపి తీయాలి. రెండు వెలుగులు కలిస్తే ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు కొడుతుంది. 'ఫొటోలో నెమలికంఠం, వచ్చింది పచ్చది' అని చీర వెనక్కొస్తే ఆ పని మళ్లీ రాదు. మూడోది పాస్‌పోర్టు సైజు ఫొటోలు. 35×45 మిల్లీమీటర్లవి 4×6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పడతాయి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొంటే వారానికొకసారైనా రంగు పేజీ తీయాలి, లేకపోతే ఇంకు గడ్డకట్టి హెడ్ పోతుంది.

'ఛానల్ కంట్రిబ్యూటర్' అన్న పేరుకు మురిసిపోవద్దు. చాలాచోట్ల ఐడీ కార్డు ఇచ్చి, వార్తలకు చిల్లర డబ్బులిచ్చి, పండగలకు యాడ్స్ తెమ్మంటారు. యాడ్స్ టార్గెట్ ఎంత, వార్తకు ఎంతిస్తారు, పెట్రోలు ఎవరిది అన్నవి ముందే అడగాలి. మహిళలే నడిపే వార్తాసంస్థ ఎలా ఉంటుందో చూడాలంటే ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' ఉంది. పత్రికగా మొదలై వీడియోకు మారింది.

పైన పక్కన పెట్టమన్న 800 ఇందుకే. పదో వారంలో ప్రతి అమ్మాయికీ ఒక పని ఇవ్వండి: అంగన్‌వాడీ కార్యక్రమం, పక్క వీధి టైలర్ దుకాణం, సంఘం పచ్చళ్లు. గడువు, ఎన్ని ఫొటోలు, ఎంత డబ్బు అన్నది వాట్సాప్‌లో రాసి, ఫొటోలు అందాక ఆమె ఖాతాలోనే వేయండి. అడ్వాన్సు అడగడం, సమయానికి ఇవ్వడం, 'ఇంకో పది ఫొటోలు ఊరికే ఎడిట్ చేయమ్మా' అంటే ధర చెప్పడం అప్పుడే అలవాటవుతాయి. కాపీరైటూ అప్పుడే చెప్పండి. మామూలుగా ఫొటో తీసినవాళ్లదే హక్కు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం తీయించుకున్నవాళ్లే మొదటి యజమాని. కాబట్టి మీరిచ్చే ఆ పనులకు కూడా హక్కు అమ్మాయిదేనని, సంస్థ రెండేళ్లపాటు ఆమె పేరుతో వాడుకోవచ్చని రెండు వాక్యాల కాగితం రాసుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే ఆషాఢంలో. పెళ్లిళ్లుండవు, స్టూడియోలవాళ్లు ఖాళీగా ఉంటారు, ఒకటి రెండు తరగతులు చెప్పమంటే వస్తారు. భాద్రపదం దాటేసరికి మీ కోర్సు అయిపోతుంది. పత్తి తీతలకు అమ్మాయిలు చేలకు వెళ్లే రోజులు అప్పటికి పూర్తిగా మొదలవ్వవు. కార్తీకం ముహూర్తాలకు ఆ స్టూడియోలకే ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లుగా వెళ్లొచ్చు.

కోర్సు ముగిశాక ఫోన్లు, మైకులు బీరువాలో పెట్టి తాళం వేస్తే అంతా అక్కడితో సరి. గ్రంథాలయంలా రిజిస్టరు పెట్టండి. ఫోను, మైకు కలిపి రోజుకు 30, డీఎస్‌ఎల్‌ఆర్‌కు 150. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ లెన్స్, స్క్రీన్, ఛార్జర్ చూసి సంతకం. తాళంచెవి బ్యాచ్‌లో ఇద్దరి దగ్గర ఉండాలి, సంఘం అధ్యక్షురాలి దగ్గర వద్దు, ఆమె ఊళ్లో లేని రోజే ఎవరికో ఫంక్షన్ వస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ నెలకు పది రోజులు బయటే ఉంటోందని రిజిస్టరులో కనిపిస్తే, ఆ అద్దె డబ్బులకు కాస్త కలిపి రెండోది అప్పుడు కొనండి.